పాతకాలపు ప్యారిస్ గౌను చూసి ఇంట్లో ఫ్రాక్ కుట్టుకోవడం: ఫోటో నుంచి హెమ్మింగ్ దాకా

1940లు, 50ల నాటి ప్యారిస్ గౌను ఫోటో ఒకటి పంపి "దీని కటింగ్ చెప్పండి" అని అడిగేవాళ్ళు ఈమధ్య ఎక్కువయ్యారు. కటింగ్ ఒక్కటే చెబితే పని కాదు. ఆ కుట్యూర్ గౌన్ల (ఒక్కొక్కరి కొలతకి విడిగా కుట్టే ఖరీదైన గౌన్ల) పనితనంలో సగం పైకి కనబడదు. లోపలి పొరల్లో, నడుము పట్టీలో, చేతికుట్టులో ఉంటుంది. ఫోటోని ఉన్నదున్నట్టు దించబోతే పైన కనిపించేదే వస్తుంది, లోపలిది రాదు. తీరా వేసుకుంటే నాటకం డ్రెస్సులా ఉంటుంది.

కాబట్టి ఒక గౌనులోంచి ఒక్క సంగతి పట్టుకుని, దాన్ని మన కొలతకి, మన గుడ్డకి తెచ్చుకునే పద్ధతి వరసగా రాస్తున్నాను. ఉదాహరణకి ఒక ఫ్రాక్ అనుకుందాం: ఒంటికి పట్టిన బాడీ (ఫ్రాక్‌లో నడుముకి పైభాగం), నడుము దగ్గర అతుకు, మోకాలు దాటే అంబ్రెల్లా స్కర్టు, మోచేయి దాటే చేతులు. తన జాకెట్టు తాను కుట్టుకునేవాళ్ళు ఎవరైనా కుట్టొచ్చు. మామూలు మిషను చాలు.

## 1. ఏ గౌను చూడాలి, ఎక్కడ చూడాలి

మోడల్ వేసుకుని నిలబడ్డ పత్రిక ఫోటోలు కుట్టేవాళ్ళకి పెద్దగా పనికిరావు. వెలుతురు, భంగిమ అసలు సంగతిని కప్పేస్తాయి. మ్యూజియం ఫోటోలు చూడండి. న్యూయార్క్ మెట్రొపాలిటన్ మ్యూజియం, లండన్‌లోని విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం, జపాన్‌లోని క్యోటో కాస్ట్యూమ్ ఇన్‌స్టిట్యూట్ తమ దగ్గరున్న దుస్తుల్ని ఆన్‌లైన్‌లో ఉచితంగా చూపిస్తున్నాయి. బొమ్మకి తొడిగిన గౌను, కింద ఏ గుడ్డో, ఏ ఏడాదిదో ఉంటుంది. చాలావాటికి వెనక వైపు ఫోటో కూడా ఉంటుంది. వెనక ఫోటో లేని గౌనుని మొదటిసారికి వదిలేయండి.

ఏ డిజైనర్ దగ్గర ఏం దొరుకుతుందో క్లుప్తంగా:

- క్రిస్టియన్ డియోర్. 1947 ఫిబ్రవరి 12న చూపించిన తొలి కలెక్షన్‌లోని 'బార్' సూటు చూడండి. దంతపు రంగు పట్టు కోటు, నల్లటి ఉన్ని స్కర్టు. నడుము అంత సన్నగా కనబడటానికి కారణం బిగించడం ఒక్కటే కాదు, దాని కింద కోటు తుంటి భాగాన్ని ఉబ్బించారు. మీ నడుము ఎంతున్నా ఈ కిటుకు పనిచేస్తుంది.
- బాలెన్సియాగా. మెడకి అంటకుండా వెనక్కి జరిగిన కాలరు, మణికట్టు కనబడేలా ఆగిపోయే చేతులు. 1957 నాటి సాక్ డ్రెస్, 1958 నాటి బేబీ డాల్ నడుముని అసలు పట్టుకోవు. విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం 2017లో ఆయన గౌన్లకి ఎక్స్‌రేలు తీయించింది. లోపలి బోన్లు (ఆకారం నిలవడానికి పెట్టే గట్టి పుల్లలు), అంచుల్లో పెట్టిన చిన్న బరువులు వాటిలో తెలుస్తాయి. ఒక్కసారైనా చూడాల్సిన బొమ్మలు అవి.
- మదలీన్ వియొన్నే. క్రాస్ కటింగ్ (గుడ్డని పోగులకి ఏటవాలుగా కోయడం) అంటే ఈమే. ముందు చిన్న చెక్కబొమ్మ మీద గుడ్డ వేసి చూసుకుని, ఆ తర్వాతే పెద్దది కత్తిరించేది. మన క్రాస్ కట్ జాకెట్టుకీ ఈమె గౌన్లకీ సూత్రం ఒకటే.
- మదామ్ గ్రే. పట్టు జెర్సీలో సన్నని మడతలు. చూడ్డానికి బాగుంటాయి, ఇంట్లో మొదటిసారి కుట్టడానికి వద్దు. మీటర్ల కొద్దీ గుడ్డ మింగేస్తాయి.
- చార్ల్స్ జేమ్స్. అమెరికాలో పనిచేసినవాడు. 1953 నాటి 'క్లోవర్ లీఫ్' గౌను దాదాపు నాలుగున్నర కిలోలు. స్కర్టు బరువు భుజాల మీద పడకుండా ఎలా ఆపాడో ఆలోచించడానికి మాత్రం పెట్టుకోండి.

## 2. ఫోటోని చదవడం

ఫోటో పెద్దది చేసి, కాగితం మీద గౌను బొమ్మ వంకరటింకరగా అయినా గీయండి. గీసేటప్పుడే కళ్ళకి ఆనని కుట్లు ఆనతాయి. తర్వాత ఈ ప్రశ్నలకి జవాబులు ఆ బొమ్మ పక్కనే రాసుకోండి.

- నడుము అతుకు ఎక్కడుంది? అసలు నడుము మీదా, పైనా, కిందా?
- భుజం కుట్టు సరిగ్గా భుజం మీదుందా, వెనక్కి జరిగిందా?
- ఛాతీ దగ్గర ఆకారం ఎలా వచ్చింది: డాట్లా (మొన తేలేలా మడిచి వేసే కుట్లు), ప్రిన్సెస్ కట్టా (ఛాతీ మీదుగా పోయే నిలువు అతుకులు), కుచ్చులా?
- స్కర్టు ఘేరా (కింది చుట్టు వెడల్పు) ఎక్కడినుంచి వచ్చింది: కుచ్చు, ప్లీట్లు, కలీలు (కిందికి వెడల్పయ్యే ముక్కలు), అంబ్రెల్లా, లేక లోపలి పెట్టీకోటు?
- చారలో పువ్వులో ఉంటే అవి ఏ వైపు వాలుతున్నాయి? పడుగు ఎటు పోతోందో అవే చెబుతాయి.
- ఎక్కడ తెరుచుకుంటుంది? వెనకా, ఎడమ పక్కా?
- గుడ్డ నిలబడుతోందా, జారుతోందా?

ఆఖరి ప్రశ్నని చాలామంది దాటేస్తారు. నిలబడే గుడ్డతో కుట్టిన గౌనుని జార్జెట్‌లో కుడితే కటింగ్ ఎంత సరిగ్గా ఉన్నా ఆ రూపం రాదు. బాలెన్సియాగా వాడిన గాజర్ అనే పట్టు గుడ్డ కాగితంలా నిలబడేది. దాన్ని చూసి షిఫాన్ కొనుక్కొచ్చుకుంటే దర్జీని, కటింగ్‌ని తిట్టుకుని లాభం లేదు.

## 3. ఒక్కటే తీసుకోండి

జవాబులన్నీ రాశాక ఒకదానికి సున్నా చుట్టండి. కాలరు కావచ్చు, చేతి పొడవు కావచ్చు, నడుము కింద ఉబ్బు కావచ్చు. మిగతాదంతా మీకు ఇప్పటికే బాగా కుదిరే కొలతలతో, అలవాటైన కటింగ్‌తో కుట్టండి. కాలరు బాలెన్సియాగాది, నడుము డియోర్‌ది, స్కర్టు వియొన్నేది అని మూడూ కలిపితే ఒకదాని పని ఇంకొకటి చెడగొడుతుంది.

ఈ ఉదాహరణలో మనం తీసుకుంటున్నది నడుము: పైన అమరిన బాడీ, కింద విచ్చుకున్న స్కర్టు, రెంటినీ పట్టుకుని ఉండే లోపలి పట్టీ.

## 4. గుడ్డ, సరంజామా

బాడీకీ స్కర్టుకీ కలిపి ఒకే గుడ్డ. మంగళగిరి కాటన్, కాస్త బరువున్న పాప్లిన్, రా సిల్క్ ఈ మూడూ ఈ ఫ్రాక్‌కి బాగా కుదురుతాయి. మొదటిసారి అయితే కాటనే. రా సిల్క్ సూది గుర్తుల్ని దాచదు, విప్పి కుడితే చిల్లులు కనబడతాయి.

లెక్క ఇలా. నడుము 29 అంగుళాలు అనుకుందాం. 1 అంగుళం లూజు కలిపితే బాడీ నడుము 30. అంబ్రెల్లా స్కర్టుకి 30ని 6.28తో భాగిస్తే సుమారు 4¾ అంగుళాలు. అది లోపలి గుండ్రం వ్యాసార్ధం. స్కర్టు పొడవు 27, కింది మడతకి ¾. మొత్తం 32½. 44 అంగుళాల పన్నా (వెడల్పు) గుడ్డలో ఒక అర్ధ వృత్తానికి 65 అంగుళాల పొడవు కావాలి. రెండు ముక్కలకి 130 అంగుళాలు, అంటే 3.3 మీటర్లు. బాడీ, చేతులు కలుపుకుని 5 మీటర్లు తీసుకోండి. మిగిలే పీలికలు క్రాస్ పట్టీలకి పనికొస్తాయి.

చేనేత గుడ్డ పన్నా అన్నిచోట్లా ఒకటి కాదు. కొట్లోనే టేపు పెట్టి చూసుకోండి.

కొనాల్సినవి:

- ట్రయల్ కోసం కోరా గుడ్డ 2½ మీటర్లు. అంతే బరువున్న పాత దుప్పటి ఉంటే అదే చాలు
- బాడీ లోపలి పొరకి మల్ కాటన్ 1½ మీటర్లు. రా సిల్క్ అయితే పట్టు ఆర్గాంజా
- మెడకి, చేతులకి లైనింగ్ గుడ్డ
- 1 అంగుళం వెడల్పు గ్రోగ్రెయిన్ రిబ్బన్ (అడ్డ గీతల నేత ఉన్న గట్టి రిబ్బన్), 1 మీటరు. సాగకూడదు, ఎలాస్టిక్ అసలు వద్దు
- 22 అంగుళాల మామూలు జిప్పు, రెండు పెద్ద హుక్కులు
- కచ్చా కుట్లకి (తర్వాత తీసేసే తాత్కాలిక కుట్లకి) వేరే రంగు దారం, సన్నటి చేతి సూదులు, కొద్దిగా తేనెమైనం

కాటన్‌ని కత్తిరించే ముందు రాత్రంతా నీళ్ళలో నానబెట్టి, పిండకుండా నీడన ఆరేసి, కొద్దిగా తడి ఉండగానే ఇస్త్రీ చేయండి. గంజి పోతుంది, కుంచించుకునేది ఇప్పుడే కుంచించుకుంటుంది. మల్ కాటన్‌కీ అంతే. పై గుడ్డ ఒక్కటే తడిపి లోపలి పొరని అలాగే వాడితే, మొదటి ఉతుకులోనే బాడీ అంతా ముడతలు పడుతుంది. రా సిల్క్‌ని తడపొద్దు, తిరగేసి ఆవిరి ఇస్త్రీ చాలు.

## 5. ట్రయల్ పీస్: అసలు పని ఇక్కడే

"దుప్పటి ముక్కతో ముందు కుట్టాలా, టైం దండగ కదా" అని అడుగుతారు. ప్యారిస్ కుట్యూర్ ఇళ్ళలో ఖరీదైన గుడ్డ మీద కత్తెర పెట్టేముందు మామూలు కాటన్‌తో కుట్టి చూసేవాళ్ళు. వాళ్ళకి సరిగ్గా కుదరడం వెనకున్న రహస్యం మంత్రమేం కాదు, ఇదే.

బాడీ, ఒక చేయి మాత్రం కుడితే చాలు. స్కర్టు అక్కర్లేదు. కానీ నడుము దగ్గర 4 అంగుళాల గుడ్డ కిందికి వదలండి.

1. బ్రౌన్ పేపర్ మీద మీ కొలతలతో బాడీ గీయండి. ఛాతీకి 2 నుంచి 3 అంగుళాలు, నడుముకి 1 అంగుళం లూజు.
2. కోరా గుడ్డ మీద కుట్టు గీతలు పెన్సిల్‌తో గీసి, చుట్టూ 1 అంగుళం మార్జిన్‌తో కత్తిరించండి.
3. ఛాతీ గీత, నడుము గీత, నిలువు పోగు గీత మూడూ గుడ్డ మీద స్పష్టంగా గీయండి. తప్పెక్కడో ఈ గీతలే పట్టిస్తాయి.
4. మిషను మీద పెద్ద కుట్టు పెట్టి కుట్టండి. వెనక తెరిచి ఉంచి, వేసుకున్నాక ఎవరిచేతనైనా పిన్నులు పెట్టించుకోండి.
5. ఏ లోదుస్తులతో ఫ్రాక్ వేసుకుంటారో వాటితోనే వేసుకోండి.
6. నిలబడండి, కుర్చీలో కూర్చోండి, చేతులు పైకెత్తండి, మెడ వంచండి. ముందు, వెనక, పక్క ఫోటోలు తీయించుకోండి. అద్దం కన్నా ఫోటోలో తప్పులు బాగా తెలుస్తాయి.

ఇప్పుడు ముడతలు చూడండి. ప్రతి ముడతా ఏదో ఒక లోటుని చూపిస్తుంది. ఎక్కువగా వచ్చేవి ఇవి.

చంక ముందు భాగం వదులుగా నోరు తెరుచుకుంటోంది. ఛాతీకి డాట్ చాలలేదు. వదులుని పిన్నుతో పట్టి, ఆ కొలత ఛాతీ డాట్‌లోకి మార్చండి. చంక గీతని కత్తిరించేసి సరిపెట్టొద్దు.

ముందు నడుము పైకి లేస్తోంది. ముందు పొడవు తక్కువైంది. ఛాతీ గీత దగ్గర అడ్డంగా కత్తిరించి, కావాల్సినంత జరిపి, కింద ఒక ముక్క పెట్టి పిన్ను చేయండి.

వెనక నడుము పైన అడ్డ ముడతలు. వెనక పొడవు ఎక్కువైంది. అదనపు గుడ్డని నడుముకి కొంచెం పైన అడ్డంగా పట్టండి. మధ్యలో అర అంగుళమో, ముప్పావో పట్టి, పక్క కుట్టు దగ్గరికి వచ్చేసరికి సున్నా చేయండి. పక్క వదులు చేస్తే ఇది పోదు. అయినా చాలామంది ముందు అదే చేస్తారు.

మెడ ముందుకి వాలి తెరుచుకుంటోంది. పావు అంగుళం నుంచి అర అంగుళం దాకా పట్టి, డాట్‌లోకి మార్చండి. వెడల్పు మెడలకి ఇది దాదాపు ఎప్పుడూ కావాలి.

చేయి ఎత్తితే బాడీ మొత్తం లేచిపోతోంది. ఇక్కడే మన అలవాటు అడ్డొస్తుంది. బిగుతుగా ఉందనగానే చంకని ఇంకా కిందికి దింపుతాం. దింపితే చేయి ఇంకా ఎత్తలేరు. పాత కుట్యూర్ గౌన్లలో చంక శరీరానికి దగ్గరగా, ఎత్తులో ఉంటుంది కాబట్టే చేయి ఎత్తినా నడుము కదలదు. చంక కింద చిన్న ముక్క పిన్ను చేసి గీతని అర అంగుళం పైకి జరిపి చూడండి, తేడా అక్కడికక్కడే తెలుస్తుంది. చేతి కింది భాగాన్ని కూడా అంతే పైకి జరపాలి.

అన్నీ సరిచేశాక ట్రయల్ పీస్ మీదే ఎర్ర పెన్నుతో కొత్త గీతలు గీసి, కుట్లు విప్పి, ఇస్త్రీ చేయండి. ఇక అదే మీ ప్యాటర్న్. బ్రౌన్ పేపర్ పక్కన పెట్టేయొచ్చు. మార్పులు ఎక్కువైతే ఇంకో ట్రయల్ కుట్టండి.

## 6. కటింగ్

- నిలువు పోగు గీత గుడ్డ నేత అంచుకి సమాంతరంగా ఉండాలి. గీత రెండు కొసల నుంచీ అంచుకి టేపుతో కొలవండి, రెండు కొలతలూ ఒకటే రావాలి.
- అన్ని పక్కలా 1 అంగుళం మార్జిన్. మెడకీ చంకకీ అర అంగుళం చాలు. జాకెట్టు పక్క కుట్లలో మనం మార్జిన్ వదులుతాం కదా, ఇక్కడ బాడీ మొత్తానికీ అదే పద్ధతి.
- స్కర్టు లోపలి గుండ్రం కుట్టు గీత 4¾ దగ్గర ఉంటే కోత 4¼ దగ్గర. క్రాస్‌లో వచ్చే చోట్ల గుడ్డ సాగుతుంది. కొంచెం చిన్నదిగానే కోయండి, చాలకపోతే పెంచొచ్చు. పెద్దగా కోస్తే కుచ్చు పెట్టక తప్పదు.
- కుట్టు గీతల్ని చాక్‌తో గీసి, వాటి మీద వేరే రంగు దారంతో కచ్చా కుట్టు వేయండి. చాక్ చెరిగిపోతుంది, దారం పోదు. పైగా రెండు వైపులా కనబడుతుంది.

ఆఖరిది విసుగు పనే. కానీ ఆ దారం గీత ఉంటే రెండు ముక్కలు కలిపేటప్పుడు అంచులు కలిశాయా అని చూడనక్కర్లేదు, గీతకి గీత కలిపితే చాలు. కుట్యూర్ కుట్టుకీ మామూలు కుట్టుకీ నేను చెప్పగలిగిన అతి పెద్ద తేడా ఇదే.

## 7. లోపలి పొర

ఇది లైనింగ్ కాదు. లైనింగ్ విడిగా వేలాడుతుంది. లోపలి పొరని పై గుడ్డకి కలిపి, రెండూ ఒకే ముక్క అన్నట్టు కుట్టేస్తాం. గుడ్డకి బలం వస్తుంది, డాట్ల గుర్తులు బయటికి కనబడవు, చేతి హెమ్మింగ్ అంతా ఈ పొరలోనే వేయొచ్చు.

1. బాడీ ముక్కలన్నీ మల్ కాటన్‌లో కూడా అవే కొలతలతో కత్తిరించండి.
2. పై గుడ్డని తిరగేసి పరిచి, దాని మీద మల్ ముక్క వేయండి. మధ్యలో ఒక నిలువు కచ్చా కుట్టు.
3. ముక్కని ఒక లావుపాటి పుస్తకం అంచు మీద వంచి పట్టుకోండి. మల్ పొర అంచుల దగ్గర ఒక దారం మందం బయటికి పొడుచుకొస్తుంది. అలా వచ్చినట్టే ఉంచి చుట్టూ కచ్చా కుట్టు వేసి, పొడుచుకొచ్చినది కత్తిరించండి. లోపలి పొర ఆవగింజంత చిన్నదైతేనే ఒంటి మీద గుండ్రం తిరిగినప్పుడు ఉబ్బదు.
4. డాట్ మధ్య గీత మీద రెండు పొరల్నీ కలిపి ఒక కుట్టు వేసి, తర్వాత డాట్ కుట్టండి. లేదంటే లోపలి పొర జారిపోయి డాట్ మొన దగ్గర గుంట పడుతుంది.

పాలిస్టర్ ఆర్గాంజా వాడితే ఇస్త్రీ పెట్టె వేడి తగ్గించండి. కాటన్ వేడికి అది కరిగి అంటుకుంటుంది.

## 8. కుట్టే వరస

1. మెడ చుట్టూ, కుట్టు గీతకి కాస్త బయటగా ఒక కుట్టు. మెడ సాగకుండా ఉంటుంది.
2. డాట్లు. మొన దగ్గర రివర్స్ కుట్టు వేయొద్దు, దారం వదిలి చేత్తో ముడి వేయండి.
3. భుజాలు, పక్క కుట్లు. ముందు కచ్చా, వేసుకుని చూశాక మిషను.
4. చేతులు.
5. స్కర్టు పక్క కుట్లు. ఒక కుట్టు వెనక మధ్యలోకి వచ్చేలా పెట్టుకోండి, పైన జిప్పుకి 7 అంగుళాలు వదలండి.
6. బాడీకి స్కర్టు.
7. జిప్పు.
8. నడుము పట్టీ.
9. మెడకి, చేతులకి లైనింగ్.
10. స్కర్టుని కనీసం 24 గంటలు వేలాడదీశాక కింది హెమ్మింగ్.

ప్రతి కుట్టుకీ ఇస్త్రీ తప్పదు. ముందు కుట్టు మీద, తర్వాత మార్జిన్లు విప్పి, ఆ తర్వాత బయటివైపు నుంచి. డాట్లకీ భుజాలకీ బల్ల పనికిరాదు. పాత టవల్‌ని గట్టిగా చుట్టి దారం కట్టి, ఆ గుండ్రం మీద ఇస్త్రీ చేయండి. మార్జిన్లని ఇంటర్‌లాక్ చేయించడం కన్నా చేత్తో సన్నగా చుట్టు కుట్టు వేస్తే బయటికి గీత పడదు. ఓపిక లేకపోతే ఇంటర్‌లాక్ చేయించండి, కొంప మునిగేదేం లేదు.

చేతి పైభాగంలో 1 నుంచి 1½ అంగుళాల అదనపు గుడ్డ ఉంటుంది. దాన్ని కుచ్చుగా కనబడకుండా సర్దాలి. రెండు వరసల పెద్ద కుట్టు వేసి, దారాలు మెల్లగా లాగి, టవల్ చుట్ట మీద ఆవిరి పట్టండి. కాటన్‌లో అంత ఇమడకపోతే చేతి ఎత్తు పావు అంగుళం తగ్గించండి.

## 9. చేత్తో జిప్పు

మిషను మీద జిప్పు వేస్తే బాగానే ఉంటుంది. కానీ ఈ ఫ్రాక్‌లో చేత్తో వేయమంటాను. నడుము అతుకు దగ్గర ఎడమా కుడీ ఒకే ఎత్తులో కలవడం చేతికుట్టులోనే సులువు.

దారాన్ని తేనెమైనం మీద లాగి, కాగితాల మధ్య పెట్టి ఇస్త్రీ చేయండి, చిక్కుపడదు. ఒంటి దారం. జిప్పు కచ్చా కుట్టు మీద నిలిచాక, కింద నుంచి సూది పైకి తీసి, ఒకటి రెండు పోగుల వెనక్కి మళ్ళీ కిందికి గుచ్చండి. కింద పావు అంగుళం ముందుకి నడిచి మళ్ళీ పైకి. పైన కనబడేది చిన్న చుక్క మాత్రమే. లాగి బిగించొద్దు, గుంటలు పడతాయి. రెండు వైపులా కుట్టేటప్పుడు పైనుంచి కిందికే రండి. ఒక వైపు పైకి, ఒక వైపు కిందికి వెళితే జిప్పు మెలిక తిరుగుతుంది.

## 10. నడుము పట్టీ: ఎవరికీ కనబడని ముఖ్యమైన ముక్క

3 మీటర్ల స్కర్టు బరువు ఎక్కడ ఆగాలి? పట్టీ లేకపోతే అది బాడీని కిందికి లాగుతుంది. భుజాలు జారతాయి, మెడ దిగుతుంది, నడుము అతుకు సాగుతుంది. పట్టీ ఉంటే బరువంతా నడుము మీద ఆగుతుంది, పైన బాడీ తేలిగ్గా ఉంటుంది.

1. రిబ్బన్‌ని నడుముకి చుట్టి, కూర్చుని ఊపిరి పీల్చి చూసి కొలవండి. మన లెక్కలో 29 అంగుళాలు, బాడీ కన్నా 1 అంగుళం తక్కువ. రెండు కొసలా మడతకి ఒక్కో అంగుళం అదనం.
2. కొసలు మడిచి, హుక్కులు ఒక వైపు, వాటిని తగిలించే రింగులు ఇంకో వైపు గట్టిగా కుట్టండి.
3. రిబ్బన్ మధ్యభాగం సరిగ్గా నడుము అతుకు మీద పడేలా ఫ్రాక్ లోపల పెట్టండి. హుక్కులు జిప్పు దగ్గరికి రావాలి.
4. పక్క కుట్లు, డాట్లు ఉన్న చోట మాత్రమే అతుకు మార్జిన్‌కి నాలుగైదు కుట్లు వేసి ఆపండి. బయటి గుడ్డకి సూది తగలకూడదు.
5. జిప్పుకి అటూ ఇటూ 2 అంగుళాలు కుట్టకుండా వదిలేయండి. చేయి పట్టాలి కదా.

వేసుకునేటప్పుడు ముందు పట్టీ హుక్కులు, తర్వాత జిప్పు. జిప్పు మీద లాగుడు ఉండదు కాబట్టి అది తెగదు. లాంగ్ ఫ్రాక్‌లకీ, బరువైన లెహంగా గౌన్లకీ కూడా ఇదే పట్టీ పెట్టి చూడండి, పెళ్ళిలో రోజంతా వేసుకున్నా భుజాలు నొప్పెట్టవు.

## 11. కింద ఉబ్బు

డియోర్ స్కర్టులాంటి ఉబ్బు కావాలంటే క్యాన్‌క్యాన్ నెట్ (స్కర్టుని ఉబ్బించే గరుకు నెట్) ఫ్రాక్‌కి కుట్టేయొద్దు. విడిగా పెట్టీకోటు కుట్టుకోండి. నడుము నుంచి 6, 7 అంగుళాల దాకా నెట్ ఏమీ లేకుండా నున్నటి కాటన్, ఆ కింద నుంచే నెట్ కుచ్చు. నడుము దగ్గరే కుచ్చు మొదలుపెడితే సన్నగా కనబడాల్సిన చోటే లావుగా కనబడుతుంది. నెట్ గుచ్చుకోకుండా లోపల ఇంకో కాటన్ పొర.

## 12. అమ్మ పట్టుచీరతో కుట్టాలనుకుంటే

చీరని కిటికీకి ఎదురుగా పట్టి వెలుతురులో చూడండి. ఏళ్ళ తరబడి మడిచిన గీతల మీద పోగులు విడిపోయి ఉంటాయి. ఆ గీతలు బాడీలోకి, చంక దగ్గరికి రాకుండా ముక్కలు సర్దుకోండి. రెండు వేళ్ళతో మెల్లగా లాగితేనే చిరిగే చీర అయితే కుట్టొద్దు, దాచుకోండి.

లోపలి పొర ఇక్కడ తప్పనిసరి, బరువు అదే మోయాలి. స్కర్టు మాత్రం అంబ్రెల్లా వద్దు. చీర అంచు తిన్నగా ఉంటుంది, గుండ్రం కోతకి తిరగదు. నడుము దగ్గర ప్లీట్లు పెట్టండి. అంచు కింద తిన్నగా నిలుస్తుంది, చీర కోయాల్సిన పనీ తగ్గుతుంది. 50ల గౌన్లలో ప్లీట్ల స్కర్టులూ బోలెడు, రూపం ఏమీ పోదు.

## 13. క్రాస్ గౌను మీద మనసుపడ్డవాళ్ళకి

వియొన్నే గౌన్లలో 1920 ప్రాంతానిది ఒకటుంది: నాలుగు చతురస్రాల క్రేప్ ముక్కలు, ముందు రెండు, వెనక రెండు, మూలల నుంచి వేలాడతాయి. చతురస్రం మూల పైకి పెడితే గుడ్డ దానంతటదే క్రాస్ అవుతుంది. క్రాస్ నేర్చుకోవడానికి ఇంతకన్నా సులువైన మొదలు లేదు. దీనికి మాత్రం కొన్ని జాగ్రత్తలు.

- గుడ్డని రెండు మడతలు వేసి కోయొద్దు. ఒంటి పొరగా, కింద కాగితం పరిచి, కాగితంతో కలిపి కోయండి.
- మార్జిన్ 1½ అంగుళం. వేలాడేకొద్దీ పొడవు పెరిగి వెడల్పు తగ్గుతుంది, అప్పుడు ఆ మార్జిన్ కావాలి.
- కోసిన ముక్కల్ని కుట్టే ముందే ఒకటి రెండు రోజులు వేలాడదీయండి.
- మిషను మీద సన్నటి జిగ్‌జాగ్, లేదా గుడ్డని కొద్దిగా లాగి పట్టి తిన్నటి కుట్టు. మామూలుగా కుడితే వేసుకున్న రోజే దారం పటుక్కున తెగుతుంది.
- జిప్పు పెట్టకుండా తలమీంచి తొడుక్కునేలా చూసుకోండి. క్రాస్ గుడ్డ మీద జిప్పు అలలు పడుతుంది.

## 14. హెమ్మింగ్, తర్వాత

వేలాడదీసిన అంబ్రెల్లా స్కర్టు నాలుగు చోట్ల కిందికి దిగి ఉంటుంది. ఫ్రాక్ వేసుకుని, ఆ రోజు వేసుకునే చెప్పులతోనే నిలబడండి. ఇంకొకరు నేల నుంచి స్కేలు నిలబెట్టి చుట్టూ ఒకే ఎత్తులో పిన్నులు పెట్టాలి. మీరు కదలొద్దు, వాళ్ళే చుట్టూ తిరగాలి. నడుము నుంచి కొలిస్తే సమంగా రాదు.

పిన్నుల గీత మీద కచ్చా కుట్టు వేసి, ¾ అంగుళం వదిలి కత్తిరించి, సన్నగా రెండు మడతలు పెట్టి చేత్తో హెమ్మింగ్ చేయండి. అంబ్రెల్లాకి వెడల్పు మడత పెడితే లోపల గుడ్డ ఎక్కువై మెలికలు తిరుగుతుంది. ప్లీట్ల స్కర్టుకైతే 2 అంగుళాల మడత బాగుంటుంది.

వేసుకునే ముందు ఒకసారి:

- కచ్చా కుట్లన్నీ తీశారా, ముఖ్యంగా మెడ లోపల?
- పట్టీ హుక్కులు పెట్టుకుని కూర్చుంటే ఇబ్బందిగా ఉందా?
- జిప్పు రెండు వైపులా నడుము అతుకు ఒకే గీతలో ఉందా?
- లోపలి పొర మెడ దగ్గరగానీ చేతుల దగ్గరగానీ బయటికి కనబడుతోందా?

బీరువాలో భుజాల మీద తగిలించొద్దు. నడుము పట్టీకి లోపల రెండు పక్కలా రిబ్బన్ ఉంగరాలు కుట్టండి, పొడవు హ్యాంగర్ దాకా రావాలి. ఫ్రాక్‌ని ఆ ఉంగరాలతో తగిలిస్తే స్కర్టు బరువు మళ్ళీ పట్టీ మీదే పడుతుంది, భుజాలు సాగవు.